సుహృద్ద్యూతం

పదవ తరగతి పిల్లలకు సభాపర్వ కథ చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఒక మాట దగ్గర కాసేపు ఆగేవాణ్ణి. ధృతరాష్ట్రుడు విదురుని ద్వారా ధర్మరాజుకు పంపిన ఆహ్వానంలోని మాట అది: సుహృద్ద్యూతం. మిత్రులు వినోదార్థం ఆడుకునే జూదం అని అర్థం. తీరా సభలో కూర్చున్న తరువాత పాచికలు చేతబట్టినవాడు శకుని. అతని కపటం మాట అటుంచినా, పిలిచిన ఆట ఒకటి, ఆడిన ఆట మరొకటి. అనర్థానికి అదే మొదటి మెట్టు అని చెప్పేవాణ్ణి.

ఉద్యోగ విరమణ చేసిన చాలాకాలానికి, సియాటిల్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉండగా ఆ మాట నాకు మళ్ళీ తగిలింది. మా మనవడికి పదమూడేళ్ళు. శనివారం మధ్యాహ్నాలు ముగ్గురు స్నేహితులు వచ్చేవారు. నలుగురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చొని బొమ్మల ముక్కలతో ఏదో ఆడేవారు. మాంత్రికులు, రాక్షసులు, మహాసర్పాలు. మధ్యమధ్య నవ్వులు, కేకలు. ఒక శనివారం మా వాడు కొత్త కట్టతో బల్ల దగ్గరకు వచ్చాడు. పెద్ద పోటీలలో గెలిచినవారి జాబితా ఒకటి సంపాదించి, అందులోని ముక్కలను ఉన్నవున్నట్టు పేర్చుకున్నాడు. ఖరీదైనవాటికి బదులు కాగితం మీద అచ్చు తీసుకున్నవి పెట్టుకున్నాడు. అందుకు స్నేహితులు అభ్యంతరపెట్టలేదు కూడా. వరుసగా నాలుగు ఆటలు గెలిచాడు. ఒక్కొక్కటీ పది నిమిషాలు దాటలేదు. తరువాతి రెండు శనివారాలు ఎవరూ రాలేదు.

"తాతయ్యా, నేను ఒక్క రూలు కూడా తప్పలేదు. మరి వాళ్ళెందుకు రావడం లేదు?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అసలు ఈ ఆట ఏమిటో తెలుసుకోవాలనిపించి, మా అబ్బాయిని అడిగి, దొరికినంత చదివాను. ముప్ఫై ఏళ్ళకు పైబడిన ఈ ఆట చరిత్రలో మా వాడి ప్రశ్న అడుగడుగునా వినిపించింది.

ఆట పేరు మేజిక్: ది గ్యాదరింగ్. సృష్టికర్త రిచర్డ్ గార్ఫీల్డ్ గణితశాస్త్రజ్ఞుడు. 1991లో ఆయన తాను తయారుచేసిన రోబోర్యాలీ అనే బల్లమీది ఆటను పట్టుకొని, విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే చిన్న సంస్థను నడుపుతున్న పీటర్ ఆడ్కిసన్‌ను కలిశాడు. అది అచ్చువేయడానికి మాకు స్తోమత చాలదు, ఆటల సమ్మేళనాలలో విరామవేళ త్వరగా ఆడుకోదగినది, చంకన పెట్టుకొని పోదగినది ఏదైనా ఉంటే చెప్పమన్నాడు ఆడ్కిసన్. అలా పుట్టినదే ఈ ఆట. 1993 ఆగస్టులో వెలువడింది. అంటే ఇది పుట్టుకతోనే కాలక్షేపం. పేరులోని రెండవ మాటకు అర్థమే నలుగురూ గుమిగూడడం.

మన పేకకూ దీనికీ ముఖ్యమైన భేదం ఒకటుంది. పేకాటలో అందరిదీ ఒకే పేక. ఇక్కడ ఎవరి కట్ట వారిది. ముక్కలను పొట్లాలుగా అమ్ముతారు. పొట్లంలో ఏమున్నవో కొనేవానికి తెలియదు. కొన్ని విరివిగా దొరుకుతాయి, కొన్ని అరుదు. ఒక మనిషి ఏదో రెండు మూడు పొట్లాలు కొనుక్కుంటాడు, బలమైన ముక్క ఊరికి ఒకరిద్దరి దగ్గర ఉంటుంది, కనుక ఆట దానంతట అదే సమంగా ఉంటుంది అన్నది గార్ఫీల్డ్ అంచనా. అందుచేతనే ఒకే ముక్కను కట్టలో ఎన్నిసార్లు పెట్టుకోవచ్చునో తొలి నియమావళి చెప్పలేదు.

ఆ నియమావళిలోనే పణం కూడా ఉంది. ఆట మొదట్లో ఇద్దరూ తమ కట్టలోనుంచి ఒక్కొక్క ముక్కను పక్కన పెట్టాలి. గెలిచినవాడికి రెండూ దక్కుతాయి. మన పిల్లల గోళీలాట పద్ధతే. అయితే గోళీకి గోళీ సమానం. ఇక్కడ ఒకడి పణం పప్పుబెల్లాల ఖరీదు, మరొకడిది పట్టుచీర ఖరీదు కావచ్చు. జనం ఈ నియమాన్ని త్వరలోనే పక్కకు నెట్టారు. 1995 తరువాత పణం ప్రసక్తి ఉన్న కొత్త ముక్కలు రాలేదు.

గార్ఫీల్డ్ అంచనా కూడా నిలవలేదు. జనం పొట్లాలు కాదు, పెట్టెలకు పెట్టెలే కొన్నారు. గెలవాలన్న పట్టుదల కలవాడు బలమైన ముక్కలనే పోగుచేసి కట్టనిండా పేర్చాడు. ఎదుటివాడికి చేయి ఆడే అవకాశమే లేకపోయింది. నలుగురు మిత్రుల మధ్య అయితే "ఒరేయ్, అది తీసెయ్" అంటే చాలు. ముక్కూ మొహం తెలియనివారి మధ్య ఆ మాట చెల్లదు. అందువల్ల సంస్థ తరఫున పోటీల నిర్వహణకు డ్యూయలిస్ట్స్ కాన్వొకేషన్ ఏర్పడి, 1994 నాటికి కట్టుదిట్టాలు చేసింది. కట్టలో కనీసం 60 ముక్కలు, ఒకే ముక్క నాలుగుకు మించరాదు, బ్లాక్ లోటస్ వంటి మహాబలమైనవి ఒక్కొక్కటే. ఆ ఏడు ఆగస్టులోనే మిల్వాకీలో తొలి ప్రపంచ పోటీ జరిగింది. జాక్ డోలన్ అనే అమెరికన్ గెలిచాడు.

1995లో పోటీలు రెండు శాఖలయ్యాయి. ఒకదానిలో పాత ముక్కలూ చెల్లుతాయి, రెండవదానిలో ఇటీవల అచ్చైనవే చెల్లుతాయి. 1996 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ప్రో టూర్ పేరిట ధనబహుమతుల పోటీలు మొదలయ్యాయి. ఆట కొందరికి వృత్తి అయింది. ఈ మధ్యకాలంలోనే మరొక మార్పు వచ్చింది. బ్రయాన్ వైస్‌మన్ పేర్చిన ఒక కట్ట కీర్తి ఇంటర్నెట్ చర్చల ద్వారా దేశమంతా పాకింది. దాని పేరే ది డెక్. అంటే "ఆ కట్ట" అని చెబితే చాలునన్నమాట! కట్టను సొంతంగా ఊహించడం ఒక విద్య, గెలిచినవాడి జాబితాను ఎత్తిరాసుకోవడం మరొక విద్య అయ్యాయి. మా మనవడు చేసినది ఈ రెండవది.

పోటీని నిందించడం నా ఉద్దేశం కాదు. సమానమైన బలంతో, ముందే తెలిసిన నియమాలతో ఇద్దరు అపరిచితులు తలపడడంలో ఒక న్యాయముంది, అందముంది. మన అవధాన సభలో పృచ్ఛకుడు దత్తపది ఇచ్చి మెలికపెట్టినప్పుడు అవధాని నొచ్చుకోడు. అది అతడు కోరి వచ్చిన సభ.

నన్ను ఆకట్టుకున్న ఘట్టం దీని తరువాతిది. 1990ల చివర అలాస్కాలో ఆడమ్ స్టేలీ, అతని మిత్రులు తమలో తాము ఒక పద్ధతి కల్పించుకున్నారు. కట్టలో 100 ముక్కలు, ఏ ముక్కా రెండవసారి రాకూడదు, నాయకుడుగా ఒక మహాసర్పం, బల్ల చుట్టూ ఇద్దరు కాదు, పలువురు. షెల్డన్ మెనరీ అనే ఆయన ఆ పద్ధతి నేర్చుకొని తన తోటి నిర్ణేతలకు చూపించాడు. ఆయన ఈ పోటీలలో అత్యున్నతశ్రేణి నిర్ణేత. పగలంతా నియమభంగాలను పట్టి శిక్షలు వేసిన నిర్ణేతలు, సాయంత్రం పోటీ ముగిశాక ఈ ఆటతో సేదదీరేవారు. నియమం విలువ తెలిసినవారే నియమం లేనిచోటు కోసం వెతుక్కున్నారన్నమాట. 2011లో సంస్థే దీనికి కమాండర్ అని పేరుపెట్టి సిద్ధం చేసిన కట్టలను అమ్మింది. కాలక్రమాన తక్కిన పద్ధతులన్నిటికంటే ఎక్కువమంది ఆడేది ఇదే అయింది.

ఈ పద్ధతికి మెనరీ బృందం నిషేధాల పట్టిక పెట్టినా, అసలు ఆధారం వేరు. దాన్ని సున్నా నియమం అంటారు. ముక్కలు పంచుకునే ముందు "ఈరోజు ఎలాంటి ఆట ఆడదాం?" అని మాట్లాడుకోవడం. కానీ ఆట పెరిగినకొద్దీ దీనిలోనూ గెలుపే పరమార్థమైన శాఖ పుట్టింది. 2023 సెప్టెంబరులో మెనరీ కన్నుమూశాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో ఆ బృందం నాలుగు ముక్కలను నిషేధించింది. వాటిలో కొన్ని ఎంతో ఖరీదైనవి. కోపించినవారిలో కొందరు బెదిరింపులకు దిగారు. వారం తిరిగేసరికి బృందం తన బాధ్యతను విజర్డ్స్ సంస్థకు అప్పగించి తప్పుకుంది. 2025లో సంస్థ కట్టలను బలాన్నిబట్టి అయిదు శ్రేణులుగా విభజించే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఒకప్పుడు నలుగురు మిత్రులు ఒక చూపుతో గ్రహించుకున్న దానికి ఇప్పుడు కొలబద్ద కావలసి వచ్చింది.

ఇదంతా చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం మా మనవడు కాదు.

1990లలో నేను పనిచేసిన బడిలో శనివారం చివరి పీరియడు పద్యాల అంత్యాక్షరి ఆడించేవాణ్ణి. ఒకడు సుమతి, ఒకడు వేమన, ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ నేర్పిన పద్యం. తప్పు పోయినా నవ్వులే. ఒక ఏడు మండల స్థాయి పోటీ వచ్చింది. ధారణశక్తి గల నలుగురిని ఏరి, కష్టమైన అక్షరంతో ముగిసే పద్యాలను వెతికి వెతికి కంఠస్థం చేయించాను. షీల్డు గెలిచాం. ఆ ఊపులో తరగతిలోనూ మార్కులు, బహుమతులు పెట్టాను. నలుగురు పద్యాలు చెబుతుంటే తక్కిన నలభై మంది చేతులు కట్టుకొని కూర్చునేవారు. అమ్మమ్మ పద్యాలు చెప్పే పిల్ల మళ్ళీ నోరు విప్పలేదు. దాన్ని నేను క్రమశిక్షణ అనుకున్నాను.

మరునాడు మనవడికి ఈ సంగతే చెప్పాను. "నువ్వు రూలు తప్పలేదు నాన్నా. వాళ్ళను ఒక ఆటకు పిలిచి వేరొక ఆట ఆడావు. నేనూ అదే చేశాను. ఆ కట్టను పారెయ్యనక్కరలేదు. అది కావాలనుకునేవాళ్ళ దగ్గర తియ్యి. వీళ్ళను మాత్రం ముందు అడుగు" అన్నాను.

వాడు కాసేపు ఊరుకొని, "ఆ అమ్మాయిని మీరు తరవాత అడిగారా తాతయ్యా?" అన్నాడు.

అడగలేదు. ఆ మాటే చెప్పాను.

ఆ సాయంత్రం వాడు ముగ్గురికీ ఫోను చేశాడు. శనివారం నాటికి పాత కట్టను దులిపి బల్లమీద పెట్టుకున్నాడు. ఇద్దరు వచ్చారు. ముక్కలు కలిపే ముందు ముగ్గురూ చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. నాలుగవ కుర్చీని మా వాడు గోడవైపు జరపలేదు, బల్ల దగ్గరే ఉంచాడు.