శుభలేఖలో నిమిషాలున్నాయి, వయసు లేదు

పెళ్ళి శుభలేఖను మనవాళ్ళు శాస్త్రంలో ఒక భాగం అనుకుంటారు. దేవుడి బొమ్మ లేకుండా, శ్లోకం లేకుండా, ముహూర్తం లేకుండా కార్డు వేయిస్తానంటే "తరతరాలుగా వస్తున్న ఆచారం" అని పెద్దలు అడ్డం తిరుగుతారు. హేతువాద మిత్రులు కూడా ఈ ఒక్క విషయంలో "పోనీలే, కాగితమే కదా" అని సర్దుకుపోతుంటారు. కాగితమే. కానీ ఆ కాగితం చరిత్ర చూస్తే రెండు సంగతులు తేలతాయి. అందులో ఆచారం అనుకుంటున్నదాంట్లో ఎక్కువ భాగం ప్రెస్సువాడి సౌకర్యం కోసం పుట్టింది. అసలు రాయవలసిన సంగతి ఒకటి మాత్రం అందులో లేదు.

ముందు ఆచారం వయసు ఎంతో చూద్దాం. తెలుగు అక్షరం మొదట అచ్చయింది మన దేశంలో కాదు, జర్మనీలోని హాలేలో. బెంజమిన్ షుల్జ్ అనే క్రైస్తవ మతప్రచారకుడు 1746 ప్రాంతంలో అక్కడ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఇక్కడ ప్రెస్సు పెట్టడానికి ఉన్న లైసెన్సుల అడ్డంకిని మెట్కాఫ్ 1835లో తొలగించాకే స్వదేశీయుల ముద్రణాలయాలు పెరిగాయి. మద్రాసులో వావిళ్ళవారి సంస్థ 1854లో మొదలయింది. రాజమండ్రిలో వీరేశలింగంగారు సొంత ప్రెస్సు పెట్టుకున్నది ఆ తరవాతి తరంలో. మా రాయపూర్ సంగతి చూస్తే, మాధవరావు సప్రే 1900 జనవరిలో పెండ్రా నుంచి ప్రారంభించిన 'ఛత్తీస్‌గఢ్ మిత్ర' హిందీ మాసపత్రిక మొదట ఇక్కడి ఖయ్యూమీ ప్రెస్సులోనే అచ్చయింది. కాబట్టి అచ్చు శుభలేఖను ఎంత వెనక్కి లాగినా మహా అయితే నూట యాభై ఏళ్ళు. అంతకుముందు పెళ్ళిపిలుపంటే ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలవడం, దూరపు చుట్టాలకు మనిషి చేత పసుపు రాసిన ఉత్తరం పంపడం. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పసుపు కలిపిన బియ్యం ఇచ్చి పిలవడం. వీటిలో దేనికీ బొమ్మ లేదు, బోర్డరు లేదు.

ఇక యంత్రం. చిన్న ప్రెస్సుల్లో కార్డులు, లెటర్‌హెడ్లు, రసీదు పుస్తకాలు అచ్చు వేసింది ట్రెడిల్ మీద. కాలితో తొక్కుతూ ఒక చేత్తో కార్డు పెట్టి రెండో చేత్తో తీసే యంత్రం. దీనికి ముఖ్యమైన నమూనా తయారుచేసినవాడు న్యూయార్కులోని జార్జ్ గార్డన్. 1850లలో పేటెంట్లు తీసుకున్నాడు. ఆత్మలను నమ్మేవాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన కలలోకి వచ్చి ఈ యంత్రం ఎలా చేయాలో చెప్పాడని ప్రచారం చేసుకుని దానికి ఫ్రాంక్లిన్ ప్రెస్సు అని పేరు పెట్టాడు. ఫ్రాంక్లిన్ పోయింది 1790లో. అయితే గార్డన్ పేటెంట్ల గడువు తీరాక, 1880లలో క్లీవ్‌లాండులోని ఛాండ్లర్ అండ్ ప్రైస్ కంపెనీ ఆ నమూనా మీదే యంత్రాలు చేసి అమ్మింది. వాటికి ఏ ఆత్మ సాయమూ అవసరం లేకపోయింది. కొలతలు సరిపోయాయి, చాలు. కల మీద పేటెంటు రాదు, యంత్రం మీద వస్తుంది.

ఇప్పుడు కార్డు ఎలా తయారయ్యేదో చూస్తే మన "ఆచారం" రహస్యం బయటపడుతుంది. తెలుగు కేసులో కొన్ని వందల గళ్ళు. గుణింతాలకు వేరు, ఒత్తులకు వేరు. కంపోజిటరు ఒక్కో సీసపు అక్షరాన్ని ఏరి స్టిక్కులో పేర్చాలి, పని అయ్యాక మళ్ళీ ఎవరి గడిలోకి వాళ్ళను చేర్చాలి. పెళ్ళిళ్ళ సీజనులో పది ఆర్డర్లు ఒకేసారి వస్తాయి. ప్రతిదీ కొత్తగా కంపోజ్ చేస్తే టైపు చాలదు, టైము చాలదు. అందుకని ప్రెస్సువాళ్ళు ఒక మేటరును విప్పకుండా కట్టి ఉంచుకునేవారు. పైన "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు", వినాయకుడి బ్లాకు, కింద "బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి" అనే వాక్యం అలాగే ఉంటాయి. మారేవి పేర్లు, తేదీ, స్థలం మాత్రమే. గిరాకీదారు ఆల్బమ్ తిరగేసి ఫలానా నంబరు కార్డు అంటాడు. ఆ తరవాత బొమ్మ ముందే అచ్చయిన కార్డులు వచ్చాయి. వాటి మీద పేర్లు వేస్తే పని అయిపోయేది. ఇలా రెండు తరాలు గడిచేసరికి ప్రెస్సులో కట్టి ఉంచిన మేటరు కాస్తా సంప్రదాయం అయింది.

ఇది భాషను బట్టి మారుతుందనడానికి రాయపూర్‌లో ఉన్నవాళ్ళం మేమే సాక్షులం. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చినవాళ్ళు. 1930ల మొదట్లో రాయపూర్-విజయనగరం రైలు మార్గం పూర్తయ్యాక రాకపోకలు పెరిగాయి. ఊళ్ళో హిందీ టైపు దొరికేది, తెలుగు టైపు కావాలంటే కార్డులు అటువైపు వేయించుకుని రైల్లో తెచ్చుకునేవాళ్ళం. ఒకే పెళ్ళికి రెండు భాషల్లో కార్డులు. తెలుగు కార్డులో సీతారాముల తలంబ్రాల శ్లోకం తప్పనిసరి. హిందీ కార్డులో ఆ శ్లోకం లేదు. దాని బదులు చిన్నపిల్లలు ముద్దుమాటల్లో మా మామయ్య పెళ్ళికి తప్పక రండి అని పిలిచే రెండు పంక్తులు. అదే వధువు, అదే వరుడు, అదే పందిరి. ఒక కార్డులో శ్లోకం లేకపోయినా పెళ్ళి ఆగలేదు.

ఆ తలంబ్రాల శ్లోకం కవిత్వంగా చక్కనిదే. సీత దోసిట్లో ఎర్రగా, రాముడి తలమీద తెల్లగా, ఆయన ఒంటిమీద నల్లగా కనిపించే ముత్యాల వర్ణన. వెలుగు, రంగుల పాఠంగా పిల్లలకు చెప్పవచ్చు. కానీ వాల్మీకి చెప్పిన సీతాకల్యాణంలో తలంబ్రాలు లేవు. అక్కడ ఉన్నవి పాణిగ్రహణం, అగ్నిప్రదక్షిణం.

ఇక ముహూర్తం. "రాత్రి గం. 2-47 ని.లకు" అని కార్డులో అచ్చవుతుంది. ఈ నిమిషం ఎక్కడిది? పంచాంగం లెక్క ఘడియల్లో, విఘడియల్లో. సూర్యోదయం నుంచి మొదలు. ఘడియ అంటే 24 నిమిషాలు. దాన్ని కొలవడానికి నీటి గిన్నె తప్ప పల్లెటూళ్ళో మరో సాధనం లేదు. గడియారం నిమిషం రైళ్ళతోబాటు వచ్చింది. భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1న అమలయింది. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్క. డిగ్రీకి 4 నిమిషాల తేడా. ఆ లెక్కన గడియారానికీ స్థానిక కాలానికీ రాయపూర్‌లో మూడున్నర నిమిషాలు, హైదరాబాదులో సుమారు 16 నిమిషాలు తేడా. దేశాంతర సవరణ చేస్తామని జ్యోతిష్కులు అంటారు. సరే, చేశారనుకుందాం. తాళి ఆ నిమిషానికే పడిందని ఎవరు సరిచూశారు? ఫొటోగ్రాఫరు "ఇంకోసారి" అన్నప్పుడు ఆగిన పెళ్ళిళ్ళు మనమందరం చూసినవే. అంకె ఎంత సూక్ష్మంగా ఉంటే అంత నమ్మకం కలిగిస్తుంది. నేను లెక్కల శాఖలో పనిచేసినవాణ్ణి. వోచరు లేని అంకెను పైసలతో సహా రాసినా అది వోచరు లేని అంకే.

పేర్ల వరస కూడా గమనించండి. వరుడికి "చి." ఒక్కటే. వధువుకు "చి.ల.సౌ.". వాడు చిరకాలం జీవిస్తే చాలు, ఆమె లక్ష్మీ సౌభాగ్యవతిగా, అంటే ముత్తయిదువగా బతకాలి. తండ్రి పోయినా "కీ.శే." అని ఆయన పేరు ఉంటుంది. భర్త పోయిన తల్లి బతికి ఉన్నా ఆహ్వానించేవారిలో ఆమె పేరు తరచు కనిపించదు, పెళ్ళి బాధ్యత ఆమే మోసినా సరే.

ఇప్పుడు లేని సంగతి దగ్గరికి వద్దాం. నిమిషం వేసిన కార్డులో వధువు ఏ సంవత్సరంలో పుట్టిందో ఉండదు.

మన ప్రాంతంలో దీన్ని లెక్క తీసిన కాగితం ఒకటుంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో జరిగిన బ్రాహ్మణ కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించాడు. గురజాడ 1897లో 'కన్యాశుల్కం' పీఠికలో ఆ అంకెలు ఇచ్చాడు. మొత్తం 1034 పెళ్ళిళ్ళు. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాదివాళ్ళు 3. కూడితే 188, అంటే నూటికి 18 మంది అయిదేళ్ళు, అంతకు లోపువాళ్ళు. పెళ్ళికి ముహూర్తం పెట్టడం ఆచారం కాబట్టి ఈ 188 పెళ్ళిళ్ళూ మంచి ముహూర్తాల్లోనే జరిగి ఉండాలి. ముహూర్తం ఎవరినీ కాపాడలేదు. వయసు రాసిన జాబితా మాత్రం ఒక నాటకానికీ, ఒక ఉద్యమానికీ సాక్ష్యంగా నిలిచింది.

శారదా చట్టం 1929లో వచ్చింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18. అమలు 1930 ఏప్రిల్ 1 నుంచి. ఈలోపల హడావుడిగా పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేశారు. 1931 జనాభా లెక్కల్లో అది కనిపించింది. 1949లో అమ్మాయి వయసు 15 అయింది. 1978లో 18, 21 చేశారు. 2006లో బాల్యవివాహ నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టంలో 13వ సెక్షను చదవండి. అక్షయ తృతీయ లాంటి రోజుల్లో జరిగే సామూహిక బాల్యవివాహాలను ఆపడానికి జిల్లా మేజిస్ట్రేటుకే అధికారం ఇచ్చారు. ఒక శుభదినం పేరు చట్టంలోకి ఎక్కింది, శుభానికి కాదు, పిల్లలను కాపాడటానికి.

ఆ రోజును ఛత్తీస్‌గఢ్‌లో అక్తి అంటారు. పిల్లలు బొమ్మలకు పెళ్ళి చేస్తారు. అది ముచ్చటే. ఆ రోజు ముహూర్తం చూడక్కర్లేదని పెద్దలు పిల్లలకే పెళ్ళి చేస్తే నేరం. ఇది చూసి ఇక్కడి తెలుగువాళ్ళు "వీళ్ళు వెనకబడినవాళ్ళు" అంటుంటారు. అంకెలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవారు ఛత్తీస్‌గఢ్‌లో 12.1 శాతం. దేశం మొత్తం మీద 23.3. తెలంగాణలో 23.5. ఆంధ్రప్రదేశ్‌లో 29.3. గురజాడ పుట్టిన రాష్ట్రంలో, మనం వెనకబడిందనుకునే రాష్ట్రానికి రెండు రెట్లకు పైగా.

ప్రత్యామ్నాయం లేకపోలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో 'వివాహ విధి' రాసి పురోహితుడి అవసరం లేని పెళ్ళిళ్ళు జరిపించాడు. గోరా కుమార్తె మనోరమకు, దళితుడైన అర్జునరావుకు పెళ్ళి జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నాడు. ఆయన హత్య తరవాత 1948 మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లోనే జరిగింది. ప్రభుత్వం దగ్గర కూడా ఒక శుభలేఖ ఉంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ఇచ్చే నోటీసు ఫారంలో పేరు, వృత్తి, నివాసం, వయసు అన్నిటికీ గళ్ళున్నాయి. తిథికి, నక్షత్రానికి గడి లేదు.

ఈ మధ్య ధనికుల ఇళ్ళల్లో లెటర్‌ప్రెస్ కార్డులు మళ్ళీ ఫ్యాషన్ అయ్యాయి. దళసరి కాగితం, లోతుగా దిగిన అక్షరం. వెనకటి ప్రెస్సుల్లో అక్షరం కాగితంలో దిగబడితే మేస్త్రీ తిట్టేవాడు, ఇప్పుడు దానికే డబ్బు. నాకు అభ్యంతరం లేదు, చేతిపనికి గిరాకీ మంచిదే. పాత యంత్రంతోబాటు పాత మేటరును కూడా తెచ్చుకోవడం మాత్రం అక్కర్లేదు.

పాత కార్డు అడుగున ప్రెస్సు పేరు చిన్న అక్షరాల్లో ఉండేది. అచ్చయిన ప్రతి కాగితం మీద ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాలని 1867 చట్టం చెప్పింది. 2024 మార్చి నుంచి దాని స్థానంలో వేరే చట్టం అమలులో ఉంది. కార్డు మొత్తంలో జవాబుదారీ ఉన్న పంక్తి అదొక్కటే. దాని పక్కనే ఇంకో పంక్తి చేర్చమంటున్నాను: "వధూవరులిద్దరికీ చట్టప్రకారం వయసు నిండింది. ధ్రువపత్రాలు చూశాం." రాజస్థాన్‌లో కొన్ని జిల్లాల అధికారులు కార్డు మీద పుట్టిన తేదీలే వేయమని ఆదేశించారు. తేదీలు వేస్తే దుర్వినియోగం అవుతాయని భయపడేవారికి ఈ ఒక్క వాక్యం చాలు. ప్రెస్సువాడు ధ్రువపత్రం నకలు ఆర్డరు ఫారానికి పిన్ను పెట్టి ఉంచుకుంటే చాలు. బాల్యవివాహానికి తోడ్పడినవారికి రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉంది కాబట్టి అది అతనికీ రక్ష.

మన సంఘ సభ్యుల ఇళ్ళల్లో ఈ ఏడాది జరిగే పెళ్ళిళ్ళతోనే మొదలుపెడదాం. ముందు తల్లుల పేర్లు, తరవాత తండ్రుల పేర్లు, ఇద్దరికీ ఒకే గౌరవ వాచకం, అతిథులు అందుకోగల టైము, పై వాక్యం. ప్రెస్సువాడు "ఇలా ఎవరూ వేయరండీ" అంటాడు. ఒకసారి వేయించి నమూనా ఆల్బమ్‌లో పెట్టమనండి.