సహకార స్టోర్సు వాటా: లాభమా, దండుగా?

కొబ్బరికాయలమ్మిన సొమ్ములో కొంత తీసి స్టోర్సులో వాటా కొనుమన్నచో, “వెచ్చములు కొనుటకు ముందే పైకము కట్టుట యెందుకు?” అని అమలాపురపు ఇల్లాలు ప్రశ్నించుట సహజము. సమాధానము చరిత్రలో కలదు.

1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున 28 మంది శ్రామికులు తలకొక పౌను చొప్పున కూర్చి చిన్న దుకాణము తెరచిరి. కల్తీలేని సరకు, సరియైన తూకము, రొక్కపు బేరము, అరువు లేదు. ధర బజారు ధరయే. మిగిలిన లాభమును మాత్రము ఎవరెంత కొనిరో దానినిబట్టి పంచిరి. మనిషికొక్కటే వోటు.

1904లో మద్రాసు తిరువళ్లిక్కేణిలో వెలసిన స్టోర్సు ఈ బాటనే నడచెను. అమలాపురము నాడు ఆ రాజధానిలోనిదే. 1904 నాటి చట్టము పరపతి సంఘములకు ఉద్దేశింపబడగా, 1912 నాటి చట్టము స్టోర్సులకును చోటిచ్చెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున బియ్యము, కిరసనాయిలు, బట్ట కరవు కాగా స్టోర్సులు విరివిగా వెలసినవి. కంట్రోళ్లు తొలగగనే పెక్కు మూతపడినవి. రేషనుకై చేరినవారు రేషనుతోనే వెడలిరి.

లెక్క చూతము. పది రూపాయల వాటాపై నూటికి ఆరు వడ్డీ యనుకొన్న, ఏటికి 60 పైసలు. 500 రూపాయల కొనుగోలుపై రూపాయికి 3 పైసలు లాభాంశమనుకొన్న, 15 రూపాయలు. ఫలము వాటాలో లేదు, కొనుగోలులో నున్నది.

నేడు అమెరికాలోని తెలుగువారు పెక్కురు ఏటేటా రుసుము కట్టి పెద్ద దుకాణములలో కొనుచున్నారు. అది ప్రవేశమునకు వెల. దానితో యాజమాన్యము రాదు. స్టోర్సు వాటా యాజమాన్యమే. అందు కొనక, మహాసభకు పోయి లెక్కలడుగక యున్నచో అదియు దండుగయే.