శ్రీకూర్మ క్షేత్రము – పాదచారుల బాట



రైలుబండ్లు లేని కాలమున మన ప్రాంతమునుండి పూరీ జగన్నాథస్వామి దర్శనమునకు పోవువారిలో అత్యధికులు కాలినడకననే పోయెడివారు. పూరీనుండి సింహాచలము, శ్రీరంగము, రామేశ్వరములకు వచ్చు యాత్రికులకును ఇదియే త్రోవ. ఒక ప్రక్క సముద్రము, వేరొక ప్రక్క తూర్పు కనుమలు. నడుమనున్న నేలపై బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని నదులను ఒకదాని వెనుక నొకటి దాటవలెను. చాతుర్మాస్యమున యతులు ఒకచోటనే నిలుచుటకు శాస్త్రకారణము లెన్నియున్నను, వఱద వచ్చిన వంశధారను చూచినవారికి వేఱొక కారణము చెప్పనక్కఱలేదు.

ఈ త్రోవ రాజవంశముల వలనను వర్ధిల్లినది. వంశధారా తీరమందలి ముఖలింగము తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరముగా ప్రసిద్ధి. ఆ వంశమువాడైన అనంతవర్మ చోడగంగదేవుడే 12వ శతాబ్దమున పూరీ ఆలయ నిర్మాణమునకు పూనుకొనెను. శ్రీకాకుళమునకు సమీపముననున్న శ్రీకూర్మమున స్వామి పశ్చిమాభిముఖుడై కూర్మరూపమున వెలసియున్నాడు. మధ్వ సంప్రదాయ యతియైన శ్రీ నరహరితీర్థులు అచ్చట కూర్మనాథుని యెదుట యోగానంద నృసింహుని ప్రతిష్ఠించినట్లు క్రీ.శ. 1281 నాటి శాసనము తెలుపుచున్నది.

ఈ బాటపై నడచినవారిలో శ్రీ కృష్ణచైతన్య మహాప్రభువుల యాత్రను గూర్చి మనకు విపులమైన వృత్తాంతము కలదు. క్రీ.శ. 1510లో వారు పూరీనుండి దక్షిణమునకు బయలుదేరిరి. కృష్ణదాస కవిరాజు వంగభాషలో రచించిన చైతన్య చరితామృతమున ఈ ఘట్టము వర్ణితమైనది. నామజపము లెక్కించుటలోనే ప్రభువుల రెండు చేతులును నిమగ్నమై యుండుటచే, జలపాత్రయు వస్త్రమును మోయుటకు ఒక్క బ్రాహ్మణుని మాత్రము వెంట గొనిపోవుట కంగీకరించిరట.

కూర్మక్షేత్రమున కూర్ముడను పేరుగల గృహస్థుడు ప్రభువులను ఇంటికి గొనిపోయి పాదములు కడిగి భిక్ష సమర్పించెను. మఱునాడు తానును ఇల్లు విడిచి వెంట వచ్చెదనని వేడుకొనెను. ప్రభువులు ఒప్పుకొనలేదు. ఇంటనే యుండి నామస్మరణ చేయుచు, ఎదురుపడిన వారికెల్ల కృష్ణకథ చెప్పుమని ఆజ్ఞాపించి సాగిపోయిరి. అంతలో కుష్ఠురోగపీడితుడైన వాసుదేవుడను బ్రాహ్మణుడు ఆ యింటికి వచ్చి, ప్రభువులు వెడలిపోయిరని విని మూర్ఛిల్లెను. నడచిన త్రోవనే ప్రభువులు వెనుకకు మరలి వచ్చి వానిని కౌగిలించుకొనిరి. వాని వ్యాధి తొలగెనని గ్రంథము చెప్పుచున్నది.

యాత్రాఫలమంతయు నడచువానిదే యని తలచువారు ఈ కథను మరల చదువవలెనని మేము కోరుచున్నాము. ప్రభువులు దక్షిణదేశమంతయు తిరుగనెంచియు, కూర్ముని మాత్రము గడప దాటనీయలేదు. సాయంకాలమునకు తలుపు తీయువాడొకడు ఊరూర నున్నగాని వందల క్రోసుల బాట యాత్రామార్గము కానేరదు. అచ్చటనుండి ప్రభువులు సింహాద్రి నృసింహుని సేవించి గోదావరీ తీరమున రామానంద రాయలను కలిసికొనిరి. ఆరు సంవత్సరముల పిమ్మట, 1516లో, కళింగ దండయాత్రకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలును సింహాచలమున శాసనము వేయించెను.

1893–96 నడుమ తూర్పుతీర రైలుమార్గము తెరువబడెను. 1897లో పూరీకి శాఖ యేర్పడెను. వారముల తరబడి సాగిన ప్రయాణము ఒక రాత్రికి కుదించుకొనిపోయెను. వృద్ధులకును రోగులకును ఇది మహోపకారము. దానిని మేము తక్కువ చేయము. కాని రైలు ఆముదాలవలసమీదుగా పోవును, శ్రీకూర్మము దారికి ఎడమైనది. కిటికీనుండి చేతులు జోడించువానికి కూర్ముని యిల్లు కానరాదు.

అయినను నడక అంతరింపలేదు. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలమున తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి భక్తులు గిరిప్రదక్షిణమునకు బయలుదేరుదురు. 32 కిలోమీటర్లు, ముడసర్లోవ, హనుమంతవాక, సముద్రతీరము, మాధవధార మీదుగా సాగి పూర్ణిమనాటికి మరల స్వామి సన్నిధికి చేరును. శ్రీకాకుళ, విజయనగర మండలముల పల్లెలనుండియు జనము వత్తురు. దారి పొడవునను గృహస్థులు మంచినీరు, మజ్జిగ, ఫలహారములతో ఎదురుచూచుచుందురు. వారిలో కొందఱు ఆ రాత్రి ప్రదక్షిణము చేయరు. కడపటి భక్తుడు దాటువఱకు గుమ్మము నొద్దనే నిలిచి, ఖాళీయైన బిందెలను మరల నింపుచుందురు.