ప్లాటు కింది చెరువు

హైదరాబాద్‌లో ఇల్లు కొనబోయేవాళ్లు అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. వాకిలి ఏ దిక్కు, ముందు రోడ్డు ముప్పై అడుగులా నలభయ్యా, మెట్రో ఎంత దూరం, దగ్గర్లో మంచి బడి ఉందా, నల్లా నీళ్లొస్తాయా లేక బోరేనా. నీళ్లు ఎలా వస్తాయో అందరూ అడుగుతారు. వానాకాలంలో ఆ వీధి నీళ్లు ఎటు పోతాయో అడిగేవాళ్లు అరుదు. వాస్తు కూడా నేల వాలు చూడమంటుంది. మనం దాన్ని గుమ్మం దాకా కుదించుకున్నాం. కానీ ఈ నగరం చరిత్ర చూస్తే, ఏ పేట నిలబడుతుంది, ఏది మునుగుతుంది అన్నది నూరేళ్లకు పైగా తేల్చింది ఆ అడగని ప్రశ్నే. 1908లో నగరం ఆ పాఠం చాలా ఖరీదుకు నేర్చుకుంది. తర్వాత ఆనకట్టలు కట్టి, ఆ ధీమాతోనే పాఠాన్ని మరిచిపోయింది. ఇవాళ చెరువు కడుపులో లేచిన కాలనీలు ఆ మరుపు ఫలితమే అని నా వాదన.

మొదట్లో నివాసానికి కొలమానం వేరు. గోల్కొండ కోట ఇరుకైపోయి, నీటికి కటకట మొదలయ్యాక 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ దక్షిణపు ఒడ్డున కొత్త నగరానికి పునాది వేశాడు. చార్మినార్ చుట్టూ, దర్బారుకు అందుబాటులో, ఏ అమీరు నీడన బతుకుతున్నామో ఆ అమీరు దేవిడీ పక్కన ఉండటమే మంచి చోటు. ఏటి ఒడ్డు అంటే చిన్నచూపు లేదు. దివాన్లుగా పనిచేసిన సాలార్‌జంగుల దివాన్ దేవిడీ సైతం మూసీకి దగ్గర్లోనే ఉండేది. ఉత్తరాన బ్రిటిష్ రెసిడెన్సీ, ఆపైన 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న సికింద్రాబాద్ వచ్చాక కొందరి చూపు అటు మళ్లింది. అదీ కొలువు కోసం, వ్యాపారం కోసం మళ్లిందే తప్ప నేల ఎత్తు చూసి కాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ ఆ లెక్కలన్నీ తారుమారు చేసింది. చనిపోయినవారు సుమారు పదిహేను వేలని అంచనా. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి వంటి ఒడ్డు బస్తీలు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. నిజాం పిలుపు మీద 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరిశీలనలో అన్నిటికన్నా ఆలోచించవలసింది చెరువుల సంగతి. మూసీ పరివాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని ఆయన లెక్క. అంటే ముంచింది ఒక్క నది కాదు. పై చెరువు అలుగు కింది చెరువులోకి దూకే గొలుసుకట్టులో ఒకటి తెగితే దాని భారం తర్వాతి కట్ట మీద పడుతుంది, అదీ తెగుతుంది. ఆయన సూచనల నుంచే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసా మీద హిమాయత్‌సాగర్ (1927) అనే జంట జలాశయాలు వచ్చాయి. ఆ తర్వాత సర్కారు ఏటి ఒడ్డున ఏం కట్టిందో చూడండి: హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, సిటీ కాలేజీ, తోటలు. ఇళ్లకు మాత్రం, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు, నాంపల్లి, రెడ్ హిల్స్, మలక్‌పేట వంటి చోట్లు చూసింది. ఏటికి ఆనుకుని మళ్లీ సంసారాలు పెట్టించకపోవడం ఆనాటి పాలకులు తెలిసి తీసుకున్న నిర్ణయమే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. కలిగినవాళ్లు మిట్టలెక్కింది వరదకు జడిసి కాదు, గాలి కోసం, హోదా కోసం, ప్లేగు భయంతో అంటారు. నిజమే. 1911 నాటి ప్లేగే బోర్డు పుట్టుకకు పెద్ద కారణం. 1930ల్లో మెహదీ నవాజ్ జంగ్ బంజారాల తండాలున్న గుట్టల మీద, బండరాళ్లను పగలగొట్టకుండా వాటినే గోడలుగా కలుపుకుని ఇల్లు కట్టినప్పుడు ఆయన్ను అక్కడికి లాగింది ఆ రాళ్ల అందమే. ఊరికి అంత దూరాన రాళ్లలో ఎవరుంటారన్న చోటే బంజారాహిల్స్ అయింది. దాని వెనకాలే, 1960ల్లో మొదలైన సహకార సంఘం పుణ్యమా అని జూబ్లీహిల్స్. కాబట్టి వరదే అందరినీ కొండెక్కించిందని నేననను. కారణం ఏదైనా, డబ్బున్నవాళ్లు నీటి దారిలోంచి తప్పుకున్నారు. ఆ దారిలో ఖాళీ అయిన పల్లపు నేల తర్వాత వచ్చేవాళ్ల కోసం మిగిలింది. ఆపైన గుట్టలన్నీ సిమెంటు అయ్యాక అక్కడ పడ్డ వాన ఇంకకుండా నేరుగా ఆ పల్లంలోకే దిగుతోంది.

ఇక మరుపు ఎలా మొదలైందో చూడాలి, అసలు కథ ఇదే. జంట జలాశయాల నీళ్లు పైపుల్లో రావడంతో ఊళ్లోని చెరువులతో తాగునీటి అవసరం తగ్గింది. 1956 తర్వాత రాజధాని నలువైపులా పెరుగుతుంటే ఆయకట్టు పొలాలు లేఅవుట్లయ్యాయి. ఆయకట్టే లేనప్పుడు తూము ఎత్తే నీరటికి పనేముంది? పూడిక తీసేదెవరు, కట్ట గండి పూడ్చేదెవరు? అలుగు కాలువ మురుగు నాలా అయింది. చెరువు లోపలి శిఖం భూమి మాత్రం ఎప్పుడూ ఓ చిక్కుముడే. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు అందులో సాగు చేసుకునే ఆనవాయితీ ఉండేది, కొన్నిచోట్ల శిఖం పట్టాలూ ఉన్నాయి. సాగుకు పనికొచ్చిన ఆ పట్టాయే తర్వాత ప్లాట్లకు ఆధారమైంది. ఏడాదిలో ఎనిమిది నెలలు పొడిగా, చదునుగా, పెద్దగా రాళ్లు లేకుండా ఉండే నేలను మించిన వెంచరు ఏముంటుంది! కొనేవాళ్లు చూడటానికి వచ్చేదీ ఎండాకాలంలోనే. నల్లకుంట, తలాబ్ కట్ట, మాసబ్ ట్యాంక్ అని పేర్లు మాత్రం నోటికి నిలిచాయి. మాసబ్ ట్యాంక్‌లో దిగే బస్సు ప్రయాణికుల్లో ట్యాంకు ఏదని వెతికేవారు ఎంతమంది?

జంట జలాశయాలు కాపాడేది ఎగువ నుంచి వచ్చే నీళ్ల నుంచి. నగరంలోనే కురిసే వానను అవి ఆపలేవు. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడితే హుస్సేన్‌సాగర్ మిగులు నాలా వెంట ఉన్న బస్తీలు నీళ్లపాలయ్యాయి. 2020 అక్టోబరు 13 రాత్రి శివార్లలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటింది. ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ, టోలిచౌకిలో నదీం కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే వారంలో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. 1908 వరదలో విశ్వేశ్వరయ్య గుర్తించిన గొలుసే ఇక్కడా పనిచేసింది, కాకపోతే ఈసారి చిన్న ఎత్తున, ఊరి నడిమధ్యలో.

కొనేవాణ్ని తప్పుపట్టడం సులువు, కానీ అన్యాయం. రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరు వచ్చింది, ఇంటిపన్ను కట్టించుకున్నారు, బ్యాంకు అప్పిచ్చింది. ఇన్ని ముద్రలు పడ్డాక నేల వాలు గురించి అతనెందుకు అనుమానించాలి? పైగా చాలామందికి చోటు ఎంచుకునే వీలే ఉండదు, చేతిలోని డబ్బే వీధిని ఎంచుతుంది. ఈ మాట ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకున్నా నా వాదన మారదు, తప్పు ఎవరిదన్నదే మారుతుంది. గీత గీయడం ప్రభుత్వానికి చేతకానిదేం కాదు. జంట జలాశయాల కోసం 1996లో 111 జీవో తెచ్చి పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలను ఆపింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఊళ్లోని చిన్న చెరువులకు మాత్రం పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ హద్దు, తేల్చే పని దశాబ్దాలు సాగుతూ వచ్చింది. అలాగని ఆధారాలు లేవా అంటే ఉన్నాయి. వరద తర్వాత 1912 నుంచి లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన నగర సర్వే పటాల్లో ఇల్లు, బావి, తోట, నీటి మడుగు అన్నీ గీసి పెట్టారు. ఆ కాగితాలు చరిత్రకారులకు పనికొచ్చినంతగా లేఅవుటుకు సంతకం పెట్టిన బల్లల దాకా రాలేదు.

2025 సెప్టెంబరు చివర్లో జలాశయాల గేట్లెత్తితే మూసీ నడుమ ఇమ్లీబన్‌లో కట్టిన మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వరద వచ్చింది. ప్రయాణికులను బయటికి చేర్చి, బస్సులను ఊరి అంచుల నుంచి నడపాల్సి వచ్చింది. అదే ఏడాది మొదట్లో, బాగ్ అంబర్‌పేటలో చెత్తాచెదారం, పొదలు కమ్మేసిన బతుకమ్మ కుంటను తవ్వడం మొదలుపెట్టారు. కొద్ది అడుగుల లోతులోనే నీళ్లు పడ్డాయి.