సాలూరు లారీ క్యాబిన్‌కు చల్లగాలి ఎందుకింత ఆలస్యం?

బొబ్బిలి నుంచి వేసిన రైలు పట్టాలు సాలూరు దగ్గరే ఆగిపోయాయి. ఎదురుగా తూర్పు కనుమలు. అక్కడి నుంచి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్, జయపురం వైపు సరుకు ఎక్కాలన్నా, దిగాలన్నా రోడ్డే దిక్కు. ఆ దారే ఈ చిన్న పట్టణాన్ని లారీల ఊరు చేసింది. లారీలతో పాటే బాడీ కట్టే షెడ్లూ పెరిగాయి. ఇలాంటి లారీల డ్రైవర్లకు ఇప్పుడొక మార్పు వచ్చింది: 3.5 టన్నులు దాటిన సరుకు వాహనాలకు, 2025 అక్టోబరు 1 నుంచి తయారైనవాటికి, కేంద్రం క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేసింది. బస్సు ప్రయాణికులకు ఈ సౌకర్యం ఎన్నో ఏళ్ల కిందటే దక్కింది. లారీ డ్రైవరుకు ఇంత ఆలస్యం కావడానికి కారణం యంత్రం లేకపోవడం కాదు. లారీ తయారైన పద్ధతే.

జంషెడ్‌పూర్‌లో టాటా వారు 1954లో మెర్సిడెస్ బెంజ్ లారీలు తయారు చేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు మన ఓనర్లు ఎక్కువగా కొన్నది చాసీనే. క్యాబిన్, తొట్టి సాలూరు వంటి ఊళ్లలో కట్టించుకునేవారు: చెక్క ఫ్రేము, దాని మీద రేకు, ఆ పైన రంగులు. ఇంజను సగం క్యాబిన్‌లోకి చొచ్చుకొని ఉండేది. దాని సెగ తిన్నగా డ్రైవరు కాళ్లకే తగిలేది. పైన ఎండకు కాలే రేకు. షెడ్డుకు డబ్బు కట్టేది ఓనరు, ఆయన చూసేది తొట్టి ఎంత బరువు ఆపుతుందనే. లోపల కూర్చునే మనిషి ఆ బేరంలో లేడు. బస్సులో ఏసీకి టికెట్టు కొన్నవాడు డబ్బిస్తాడు, లారీలో ఇచ్చేవాడు లేడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పనిని రోజుకు 8 గంటలకు పరిమితం చేసిందిగానీ, ఆ గంటలు ఎంత వేడిలో గడవాలో చెప్పలేదు.

షెడ్ల వాళ్లు డ్రైవరును మరిచారనడం మాత్రం అన్యాయం. గాలి ఆడే కిటికీలు, నడుం వాల్చేందుకు వెనక బల్ల వాళ్ల చేతిపనే. కానీ మే నెలలో బయటి గాలే నిప్పులా ఉన్నప్పుడు కిటికీ ఏం చేస్తుంది? చల్లగా ఉంటే డ్రైవరు నిద్రపోతాడన్న వాదన చాలాకాలం నడిచింది. అలసటను పెంచేది వేడే. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ చూపూ చెయ్యీ మందగిస్తాయి. నిద్రకు మందు విశ్రాంతి, ఉక్కపోత కాదు. ఖర్చు సంగతి నిజమే: ఒకటి రెండు లారీలున్న ఓనరుకు డీజిలు పైసా పైసా లెక్కే. అందుకే ఇది ఒక్కొక్కరి దయకు వదలాల్సిన విషయం కాదు. అందరికీ ఒకే నిబంధన ఉంటే, ఖర్చు పెట్టినవాడే పోటీలో వెనకబడే పరిస్థితి ఉండదు.

అయితే ఏసీ బిగించడంతో పని అయిపోదు. లారీలో ఏసీ తన వేడిని ఎదురుగాలికి ఇస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు బండి నడక నెమ్మది, ఎదురుగాలి తక్కువ, ఇంజను మాత్రం పూర్తి శ్రమలో ఉంటుంది. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ సాధారణంగా రేడియేటరు ముందే ఉంటుంది కాబట్టి దాని రెక్కల్లో దుమ్ము పేరుకుంటే రెండూ వేడెక్కుతాయి. చల్లదనం తగ్గగానే గ్యాస్ నింపించడం మన అలవాటు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. గణనీయంగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లారీ అదురుకు గొట్టాల అతుకులు వదులవుతాయి. ముందు అతుకులు, కండెన్సర్, ఫ్యాను, బెల్టు చూడాలి, ఆ తర్వాతే గ్యాస్.

ఇప్పుడు కంపెనీల నుంచే సిద్ధంగా వస్తున్న క్యాబిన్లతో షెడ్లకు ఆ పని తగ్గుతోంది. ఈ ఏసీల మరమ్మతు సాలూరు చేతికి రావాలి. ఇక్కడి వెల్డర్లకు, ఎలక్ట్రీషియన్లకు ఐటీఐల ద్వారా ఆ శిక్షణ ఇప్పించాలి. లారీ ఓనర్లు కూడా పాత బండ్లను మరవొద్దు. చట్టం కొత్తవాటికే, ఘాట్ ఎక్కేవి మాత్రం రెండు రకాలూ.