కుండలోకి వచ్చిన వాటా: టర్కీ సూపు వెనక కథ

అమెరికాలో చలికాలం వచ్చిందంటే చాలా ఇళ్ళల్లో టర్కీ కోడి కీమా, కూరగాయలు కలిపి సూపు కాస్తారు. వంట పెద్ద కష్టమేం కాదు. ఉల్లిపాయ, వెల్లుల్లి నూనెలో మగ్గాక కీమా వేసి గరిటెతో చిదుపుతూ ఎర్రబడేదాకా వేయిస్తారు. క్యారెట్, క్యాబేజీ, టమాట, చిక్కుడు గింజలు వేసి, నీళ్ళు పోసి సన్నసెగ మీద ఉడకనిస్తారు. దించబోయే ముందు ఆకుకూర తుంచి వేస్తారు. కీమాలో పైనుండే క్రిములు లోపలిదాకా కలిసిపోతాయి కాబట్టి మాంసం 74 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరాలి. కడుపు నిండుతుంది, ఒంటికీ మంచిదంటారు. పంది మాంసం, గొడ్డు మాంసం తగ్గించి దీనికి మారండని డాక్టర్లు చెప్తారు. నల్లజాతి వాళ్ళకైతే ఇంకా గట్టిగా చెప్తారు, వాళ్ళల్లో రక్తపోటు ఎక్కువ గనుక.

సలహా తప్పని నేననడం లేదు. ఉప్పూ కొవ్వూ తగ్గితే రక్తపోటున్న మనిషికి మేలే. నా పేచీ వేరే. ఈ సలహాలో ఒక దోషి ఉన్నాడు, ఆ దోషి తినేవాడే. మీకు తినడం చేతకాదు, అందుకే మీకు రోగాలు అన్నట్టుంటుంది వ్యవహారం. మన మాలపల్లెలకూ మాదిగవాడలకూ ఈ మాట కొత్తదేం కాదు. ఎండు తునకల్ని, బోటిని, బొక్కల చారుని చూసి మొహం చిట్లించినోళ్ళు ఆ ముక్కలే మన గడపకెందుకు వచ్చాయని ఏనాడూ అడగలేదు. మంచి కండ ఎవరింటికి పోయిందని అడిగితే తిండి చరిత్ర కాస్తా భూమి చరిత్ర అయి కూర్చుంటుంది. అమెరికా కుండనీ అదే ప్రశ్నతో మూత తీసి చూద్దాం. ఈ పోలిక మనం ఇవాళ కల్పించింది కాదు. 1873లోనే జోతిరావు ఫూలే తన 'గులాంగిరి'ని నల్ల బానిసల విముక్తికి పాటుపడ్డ అమెరికన్లకు అంకితమిచ్చాడు.

బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన జీవితకథ రాశాడు. మేరీలాండ్‌లో తానున్న తోటలో పెద్దవాళ్ళకిచ్చే తిండి లెక్క అందులో ఉంది. నెలకి ఎనిమిది పౌండ్ల పంది మాంసం, లేదంటే అంతే చేప, ఒక బుషెల్ మొక్కజొన్న పిండి. మాంసం మన లెక్కలో రోజుకి నూటఇరవై గ్రాములు. పొద్దు పొడవక ముందు మొదలై చీకటి పడేదాకా సాగే చాకిరికి ఇదీ కొలత. కూరగాయలు కావాలంటే చాలాచోట్ల రాత్రిపూట, ఆదివారాలు ఇంటి పక్క చెక్కలో తామే పండించుకోవాలి. అక్కడ బెండ వేశారు, బొబ్బర్లు వేశారు. బొబ్బర్లు ఆఫ్రికా పంట. లూసియానాలో 'గంబో' అనే చిక్కటి పులుసు పేరు బెండకాయకి ఆఫ్రికా బంటూ భాషల్లో ఉన్న పేరునుంచి వచ్చిందే. బొబ్బర్లూ జొన్నలూ అదే ఖండం నుంచి వేల ఏళ్ళ కింద మన నేలకీ వచ్చాయి. కాకపోతే మన దగ్గరికి సంకెళ్ళతో రాలేదు.

ఆకుకూర ఉడికించిన నీళ్ళకి అక్కడ 'పాట్ లిక్కర్' అని పేరు. దొర ఇంట్లో ఆకు తిని నీళ్ళు వదిలేసేవాళ్ళని చెప్పుకుంటారు. ఆకులో సారం సగం దిగేది ఆ నీళ్ళలోకే. వంట చేసే ఆడమనిషి దాన్ని తన పిల్లలకి మొక్కజొన్న రొట్టెతో పెట్టుకునేది. గంజి తాగి పెరిగినోళ్ళకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ మిగులు కూడా దక్కనివ్వని ఇళ్ళున్నాయి. హారియట్ జాకబ్స్ 1861లో అచ్చువేసిన తన కథలో రాసింది: దొరసాని భోజనం వడ్డించేదాకా వంటింట్లోనే నిలబడి, ఆ తర్వాత వండిన గిన్నెలన్నిట్లో ఉమ్మేసేదట. వంటమనిషీ ఆమె పిల్లలూ అడుగూ బొడుగూ గీక్కుని తినకుండా. అంటుముట్టు మనదేశంలో ఒక రూపం తీసుకుంది, అక్కడొక రూపం. గిన్నె దగ్గర రెండూ ఒకేలా కనపడతాయి.

ఇక టర్కీ సంగతి. ఈ పక్షిని మచ్చిక చేసింది మెక్సికో ప్రాంతపు మూలవాసులు. స్పెయిన్ వాళ్ళు పదహారో శతాబ్దంలో యూరప్‌కి పట్టుకుపోయారు. అమెరికాలో చాలాకాలం అది నవంబరు పండగ పక్షి, మొత్తం పక్షిని కాల్చేవాళ్ళు. కంపెనీలొచ్చాక పక్షి ముక్కలైంది. 1970లో తలకి ఏడాదికి ఎనిమిది పౌండ్లున్న వాడకం 1990కి రెట్టింపు దాటింది. డబ్బున్నవాళ్ళకి తెల్లటి రొమ్ము మాంసం కావాలి. తొడలు, కాళ్ళు, మెడలు, తోకలు ఏమవ్వాలి? తొడమాంసం కీమా అయింది. మెడలూ రెక్కలూ పొగబెట్టి అమ్మితే నల్లవాళ్ళ వంటింట్లో ఆకుకూరలోకి పంది కాళ్ళ బదులుగా చేరాయి. కీమా అన్నంత మాత్రాన కొవ్వు తక్కువని కూడా కాదు. చర్మంతో కలిపి తొడమాంసాన్ని కీమా కొడితే కొవ్వు వందకి పదిహేను దాకా ఉంటుంది. ఉత్త రొమ్ముమాంసం కీమాలో ఒకటో రెండో. దాని ధర మాత్రం ఎక్కువ. మరి తోకలు? కొవ్వు ముద్దల్లాంటి ఆ తోకల్ని సమోవా దీవులకి ఎగుమతి చేశారు. అక్కడ జనం జబ్బుల పాలవుతున్నారని 2007లో సమోవా ప్రభుత్వం దిగుమతి ఆపేసింది. 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాలంటే ఆ నిషేధం ఎత్తేస్తామని ఒప్పుకోక తప్పలేదు.

ముక్కలు కోసే చేతుల గురించి వంటపుస్తకాలు చెప్పవు. 1991 సెప్టెంబర్ 3న నార్త్ కరోలినాలోని హామ్లెట్‌లో కోడిమాంసం ఫ్యాక్టరీ కాలిపోయింది. కోళ్ళు దొంగిలిస్తారని తలుపులకి తాళాలేశారు. 25 మంది చనిపోయారు. అయోవాలోని అటలిస్సాలో బుద్ధిమాంద్యం ఉన్న మగవాళ్ళని పాత బడి భవనంలో ఉంచి, టర్కీ ఫ్యాక్టరీలో పేగులు తీసే పని దశాబ్దాల తరబడి చేయించారు. చేతికిచ్చింది నెలకి 65 డాలర్లు. 2009లో గానీ వాళ్ళు బయటపడలేదు. వెట్టి అనే మాటకి ఇంగ్లీషులో సరైన మాట లేదంటారు, పని మాత్రం ఉంది.

తిండితో శిక్షించడమూ అక్కడ తెలిసిన విద్యే. 1962లో మిసిసిపీ రాష్ట్రం లెఫ్లోర్ కౌంటీలో నల్లవాళ్ళు ఓటర్లుగా పేర్లు రాయించుకోవడం మొదలెట్టగానే, కేంద్రం పంపే ఉచిత సరుకుల పంపిణీని కౌంటీ పెద్దలు ఆపేశారు. ఇరవై వేల మందికి పైగా జనం చలికాలమంతా దానిమీదే బతికేవాళ్ళు. విద్యార్థి ఉద్యమకారులు బయటి ఊళ్ళనుంచి తిండి పోగుచేసి లారీల్లో తెచ్చారు. 1991 ఆగస్టులో చుండూరు మారణకాండకి ముందు దళితుల్ని సాంఘికంగా వెలివేసి పనులాపించిన సంగతి తెలిసినవాళ్ళకి లెఫ్లోర్ దూరపు ఊరనిపించదు.

అదే మిసిసిపీలో మౌండ్ బేయూ అనే నల్లవాళ్ళ ఊళ్ళో 1967లో ఒక ఆరోగ్య కేంద్రం తెరిచారు. డాక్టర్ జాక్ గైగర్, ఆయన తోటివాళ్ళు ఆకలితో ఎండిపోయిన పిల్లలకి మందుచీటీ మీద తిండి రాసిచ్చారు. పాలు, కూరగాయలు, మాంసం ఇంత అని. కొట్లో ఆ చీటీ చూపిస్తే సరుకిచ్చేవాళ్ళు, డబ్బు కేంద్రం మందుల పద్దులోంచి పోయేది. ఇదేం లెక్కని పైఅధికారులు నిలదీస్తే, పోషణ లేని రోగానికి వైద్యపుస్తకంలో ఉన్న మందు తిండేనని గైగర్ జవాబిచ్చాడు. చీటీలతో ఎన్నాళ్ళు గడుస్తుంది? జనమే కూడి సహకార పొలం పెట్టి కూరగాయలు పండించుకున్నారు.

పక్కనే సన్‌ఫ్లవర్ కౌంటీలో ఫానీ లూ హేమర్ ఉండేది. పత్తి ఏరే కూలి కుటుంబంలో ఇరవయ్యో బిడ్డ. 1962లో ఓటుకి పేరు రాయించుకోబోయినందుకు దొర ఆమెను తోటలోంచి వెళ్ళగొట్టాడు. మరుసటేడు జైల్లో చావబాదారు. తిండి చేతిలో లేనివాడి ఓటు దొర చేతిలో ఉంటుందని ఆమె అనుభవంతో తెలుసుకుంది. 1969లో నలభై ఎకరాలతో ఫ్రీడమ్ ఫార్మ్ మొదలెట్టింది. ఆకుకూరలు, బఠాణీ, చిక్కుళ్ళు, బెండ వేశారు. పందుల బ్యాంకు పెట్టి కుటుంబాలకి ఆడపందుల్నిచ్చారు, పిల్లలు పుట్టాక కొన్నిటిని తిరిగిస్తే ఇంకో ఇంటికి పోయేవి. ఇప్పుడు డాక్టర్లు వద్దనే పంది మాంసమే. ఆ ఇళ్ళకి పిల్లలు పస్తుండని చలికాలం అది. పొలం ఆరువందల ఎకరాలు దాటింది. వరదలొచ్చాయి, కరువొచ్చింది, అప్పులూ పన్నులూ మీదపడ్డాయి. 1976కల్లా భూమి అమ్ముకోవాల్సొచ్చింది. మరుసటేడు మార్చిలో హేమర్ చనిపోయింది. ఆమెని తిన్న జబ్బుల్లో రక్తపోటు కూడా ఉంది. అప్పటికామెకి 59 ఏళ్ళు.