ఊగేదేమిటి?

మన ఫిజిక్సు పుస్తకాల్లో 'డోలనం' దోల నుంచి వచ్చింది. దోల అంటే ఉయ్యాల. సింహాచలంలో డోలోత్సవమూ అదే. సంస్కృతంలో ఆందోళనమన్నా ఊగడమే. తెలుగులో ఆ మాట మొదట మనసుకెక్కి, ఆనక రోడ్డెక్కింది: బెంగ, లేదంటే ధర్నా.

పాత అర్థం సంగీతంలో బతికే ఉంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో చెప్పిన 15 గమకాల్లో కంపితం, ఆందోళితం రెండూ ఉన్నాయి. తాళపు కొలతల్లో, అర ద్రుతంలో వణికితే కంపితం, లఘువంత సేపు తీసుకుంటే ఆందోళితం. అంటే నాలుగింతలు నిదానం. వణుకుకీ ఊపుకీ తేడాను ఇంత కచ్చితంగా కొలిచినవాళ్ళు మరొకరు నాకు కనబడలేదు. డిసెంబరులో చెన్నై సభల్లో ఎవరైనా 'రాగసుధారస' కీర్తన ఎత్తుకుంటే, ఆ రాగం పేరు ఆందోళిక.

అదే ఊళ్ళో తమిళ పిల్లలు డోలనాన్ని 'అలైవు' అని చదువుకుంటారు. అలై అంటే అల, తిరుగాడడం కూడా. అందులో ఉయ్యాల లేదు, దాన్ని కట్టిన దూలమూ లేదు.

ఉయ్యాల మాట కుదరని చోటు ఫిజిక్సులోనే ఉంది: కాంతీ పదార్థమూ కలిసిన పోలరిటాన్‌కి అది సరిపోదు. రెండు అద్దాల నడుమ కుహరంలో, అర్ధవాహకపు పలుచని పొరలో, కాంతి వైపు ఫోటాన్ పదార్థం వైపు ఎక్సిటాన్‌గా మారుతుంది, ఎక్సిటాన్ మళ్ళీ ఫోటాన్‌గా. దీన్ని రాబీ డోలనం అంటారు. కుహరంలో పరమాణువులుంటే, లోపల కాంతి ఏమీ లేకున్నా, శోషణ రేఖ రెండుగా చీలుతుందని 1984లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి జి.ఎస్. అగర్వాల్ రాశారు. ఆ చీలిక ఎంత వెడల్పో మార్పిడి అంత జోరు. అర్ధవాహకంలో ఆ చీలికను 1992లో వైస్‌బుష్ బృందం చూసింది. 2006లో కాడ్మియం టెల్యూరైడులో, 19 కెల్విన్ల దగ్గర, పోలరిటాన్లు పెద్ద సంఖ్యలో ఒకే స్థితిలో చేరిన కండెన్సేటే తయారైంది.

ఇంతకీ ఊగేదేమిటి? 'ఊగిసలాట' అనాలనిపిస్తుంది, కాంతో పదార్థమో తేల్చుకోలేనట్టుంది కనక. కానీ అదీ అన్యాయమే. చీలిన రెండు రేఖల్లో దేని స్థితి దానికి నిలకడే. కండెన్సేట్ కింది స్థితిలోనే కుదురుకుంటే ఊపు ఉండదు. చిన్న లేజర్ పల్స్‌తో రెండింటినీ ఒక్కసారి కదిపితేనే మార్పిడి మొదలవుతుంది; అదీ కొన్ని పికోసెకండ్లే, అద్దాల్లోంచి కాంతి జారిపోయేదాకా.

ఈ రెండు రేఖల్లా దగ్గరదగ్గర పౌనఃపున్యాలు రెండు కలిసి పెరిగి తరిగేదానికి, శ్రుతి పూర్తిగా కలవని తంబురా తీగల్లో వినిపించేదానికి, మనకు ముందే మాటుంది: విస్పందనం. నేనైతే రాబీ విస్పందనం అనే రాస్తాను.